వాంగ్మూలం ఎవరి రచన?

సాహిత్య విమర్శకు పోలీసు స్టేషను కాగితాలతో పనేమిటని కొందరు పెద్దలకు సందేహం కలగవచ్చు. కావ్యాలూ నవలలూ నాటకాలూ ఉండగా నేరవిచారణ రికార్డులు ముందేసుకుని కూర్చోవడం విమర్శకుని పని కాదని వారు అనవచ్చు. కాని అభ్యుదయ విమర్శ మొదటినుంచీ ప్రతి రచననూ అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఇందులో మాట్లాడుతున్నది ఎవరు? పాత్ర నోట వినిపిస్తున్నది ఆ పాత్ర మాటేనా, లేక ఆ పాత్ర మీద పెత్తనం గల మరొకరి మాటా? కామందు ఇంటి కథలో పాలేరు చేత వినయవాక్యాలు వల్లె వేయించిన రచయితను మనం ఈ ప్రశ్నతోనే నిలదీశాం. ఒక మనిషిని ఉరికంబం దాకా నడిపించగల రచన ఎదురైనప్పుడు ఇదే ప్రశ్న వేయకపోతే, మన విమర్శ పుస్తకాల బీరువా దాటి బయటికి రాలేదన్నమాట.

అటువంటి రచన నేరం ఒప్పుకోలు వాంగ్మూలం. దాన్ని ఒక సాహిత్య ప్రక్రియగా చూడటంలో అతిశయోక్తి ఏమీ లేదు. అది ఉత్తమ పురుషలో సాగుతుంది. అందులో ఒక కథ ఉంటుంది, కాలక్రమం ఉంటుంది, కార్యకారణ సంబంధం ఉంటుంది, చివర ఒక సంతకమో వేలిముద్రో ఉంటుంది. లేనిదల్లా ఒక్కటే. 'నేను' అని చెప్పుకుంటున్న మనిషి చేతిలో కలం ఉండదు. కలం పట్టినవాడు వేరు, 'నేను' వేరు. ఈ రెండింటి మధ్య దూరం ఎంత పెరిగితే ప్రమాదం అంత పెరుగుతుంది. కలం ప్రభుత్వానిదీ 'నేను' ఆదివాసిదీ అయినచోట ఆ దూరం సముద్రమంత అవుతుంది. ఆదివాసుల తరఫున కోర్టులో వాదించడమంటే ముందుగా ఈ దూరాన్ని బయటపెట్టడం. జాలి కోరడం ఆ తర్వాతి మాట. అతని నోట పెట్టిన మాటలను వెనక్కి తీసి, అతని మాటలను అతనికి తిరిగి ఇప్పించడం మొదటి మాట. ఈ సంగతి ఆస్ట్రేలియాలో 1958లో మొదలైన ఒక కేసులో తేటతెల్లమైనట్లు మరెక్కడా కాలేదు.

ఆ కేసు రూపర్ట్ మాక్స్ స్టువర్ట్ కేసు. స్టువర్ట్ మధ్య ఆస్ట్రేలియాలోని అరండ తెగకు చెందిన కూలివాడు. ఊరూరా తిరిగే ఒక వినోద ప్రదర్శన బృందంలో పని చేసేవాడు. 1958 డిసెంబరులో ఆ బృందం దక్షిణ ఆస్ట్రేలియా తీరాన సెడూనా అనే చిన్న ఊరికి వచ్చింది. ఆ ఊరి దగ్గర సముద్రపుటొడ్డున తొమ్మిదేళ్ళ తెల్లపిల్ల దారుణంగా హత్యకు గురైంది. రెండు రోజులు తిరగకముందే స్టువర్ట్‌ను అరెస్టు చేశారు. అప్పుడే ఒప్పుకోలు వాంగ్మూలం తయారైంది. టైపు చేసిన ఆ కాగితం కింద స్టువర్ట్ సంతకం ఉన్నది. అతనికి చదవడం రాదు. పేరు మాత్రం పెద్దక్షరాలతో గీయడం నేర్చుకున్నాడు. ఆ గీయడంలో కూడా తన సొంత పేరులో ఒక అక్షరం తప్పు పడింది. కాగితం నిండా ఉన్న నిర్దుష్టమైన ఇంగ్లీషును తానే చెప్పాడన్న మనిషి, ఆ కాగితం చివర తన పేరును సరిగా రాయలేకపోయాడు.

1959 ఏప్రిలులో అడిలైడ్‌లో విచారణ జరిగింది. ప్రాసిక్యూషన్‌కు ప్రధానమైన ఆధారం ఆ వాంగ్మూలమే. అది ముద్దాయి చెప్పింది చెప్పినట్లుగా, మాటకు మాటగా రాసిందని పోలీసులు ప్రమాణం చేసి చెప్పారు. జ్యూరీలో ఒక్క ఆదివాసి లేడు. స్టువర్ట్ తన వైపు చెప్పుకోదలచినదాన్ని కాగితం మీద పెట్టించి, అతను చదవలేడు గనుక కోర్టు ఉద్యోగి చేత చదివించమని అతని ప్లీడరు ఓసల్లివాన్ కోరాడు. జడ్జి ఒప్పుకోలేదు. అప్పుడు స్టువర్ట్ తనకు వచ్చిన ఇంగ్లీషులో నాలుగైదు పొడి మాటలు మాత్రం పలికాడు. తనకు చదువు రాదనీ, బడికి పోలేదనీ, ఆ పిల్లను చూడలేదనీ, చంపలేదనీ, పోలీసులు కొట్టి గొంతు నొక్కి ఆ మాటలు అనిపించారనీ ఆ మాటల సారాంశం. ఉరిశిక్ష పడింది.

పాఠకులు ఒక్క క్షణం ఇక్కడ ఆగాలి. ఆ కోర్టు ముందు ఒకే మనిషి పేరున రెండు రచనలు ఉన్నాయి. ఒకటి టైపు చేసిన వాంగ్మూలం, రెండవది బోనులో పలికిన పొడి మాటలు. మొదటిది కట్టుగా, వరసగా, వ్యాకరణ శుద్ధంగా ఉన్నది. రెండవది ముక్కలు ముక్కలుగా ఉన్నది. మొదటిదాన్ని కోర్టు అతని కంఠంగా స్వీకరించింది, రెండవదాన్ని వినీ విననట్లు ఊరుకున్నది. ఈ రెండూ ఒకే మనిషి మాటలు కాగలవా అన్న ప్రశ్న న్యాయశాస్త్రం చదివినవారికి కాక, ఒక భాషావేత్తకు తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఆ భాషావేత్త టి. జి. హెచ్. స్ట్రెహ్లో. మిషనరీ కొడుకుగా హెర్మన్స్‌బర్గ్‌లో అరండ పిల్లలతో ఆడుకుంటూ పెరిగినవాడు. అరండ భాష అతనికి పుస్తకాలవల్ల అబ్బింది కాదు, చిన్ననాటి నుంచీ నోటికి వచ్చిన భాష. అతను జైలుకు వెళ్ళి స్టువర్ట్‌తో మాట్లాడాడు. తరువాత వాంగ్మూలాన్ని పరీక్షించాడు. స్టువర్ట్ మాట్లాడేది ఉత్తర ప్రాంతపు పశువుల కొట్టాల్లో, కూలి బస్తీల్లో తయారైన ఇంగ్లీషు. దానికి తనదైన కట్టుబాటు ఉన్నది. తెల్లవారి ఇంగ్లీషులో నామవాచకం ముందు తప్పక వచ్చే చిన్న చిన్న మాటలు అందులో రావు. వాంగ్మూలంలోనో, అవన్నీ ఎక్కడివక్కడ పొందికగా కూర్చుని ఉన్నాయి. ప్రదర్శన సెడూనా మైదానంలో 'నెలకొని ఉన్నది' అన్న ధోరణి వాక్యం అందులో ఉన్నది. గుర్రాల వెంట, గుడారాల వెంట తిరిగిన కూలివాడు ప్రదర్శన 'నెలకొని ఉన్నది' అనడు, మైదానంలో వేశారంటాడు. ఆ మాట అనేది రిపోర్టులు రాసే అలవాటున్న మనిషి. ఇది స్టువర్ట్ నోట వచ్చిన భాష కాదని స్ట్రెహ్లో తేల్చి చెప్పాడు.

మన పాఠకులకు ఇది ఇంకొకలా చెబుతాను. మన్యంలో పశువులు కాసే ఒక కోయవాడు సంతకు వచ్చినప్పుడు మాట్లాడే తెలుగు ఎలా ఉంటుందో మీరు విన్నారు. ఇప్పుడు అతని పేరున ఒక కాగితం మీద, 'సదరు స్థలమునకు సుమారు పగలు రెండు గంటల ప్రాంతమున నేను ఒంటరిగా చేరుకొని, పైన తెలిపిన వ్యక్తితో వాగ్వివాదమునకు దిగితిని' అని ఉన్నదనుకోండి. ఇది ఎవరి తెలుగు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి లా పట్టా అక్కరలేదు. ఆ 'సదరు', ఆ 'పైన తెలిపిన' కోయవాడి గుడిసెలో పుట్టిన మాటలు కావని ఎనిమిదో తరగతి పిల్లవాడు చెబుతాడు. న్యాయవాది అయిన రావిశాస్త్రి గారు 'ఆరు సారా కథలు'లో మనకు చూపిన లోకమే ఇది. కోర్టులో వినిపించే కథకూ, బయట జరిగిన బతుకుకూ మధ్య ఎన్ని చేతులు పనిచేస్తాయో ఆ కథలు చదివిన తెలుగువాడికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. పోలీసు గుమాస్తా భాషను కొంచెం సవరించి ఉండవచ్చు, కాని విషయం ముద్దాయి చెప్పిందే కావచ్చు కదా అని. ఈ వాదం పైకి సమంజసంగా కనిపిస్తుంది. కాని పోలీసులు కోర్టులో చెప్పింది అది కాదు. మాటకు మాటగా రాశామన్నారు. మాటల విషయంలో ప్రమాణం నిలవకపోతే, విషయం దగ్గర అదే ప్రమాణం ఎలా నిలుస్తుంది? అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. రూపం ఒకచోట, వస్తువు మరొకచోట ఉంటాయని నమ్మే విమర్శకులు మాత్రమే భాష మార్చినా విషయం మారదనగలరు. 'అటు పోయిన' అన్నవాడిని 'ఉద్దేశపూర్వకంగా అటు వెళ్ళాను' అనిపిస్తే మారింది వ్యాకరణం కాదు, నేరం. అవునని తలూపినదాన్ని అంగీకరించాను అని రాస్తే మారింది శైలి కాదు, శిక్ష.

స్టువర్ట్ నిర్దోషి అని నేను తీర్పు చెప్పబోవడం లేదు. ఆ వివాదం ఆస్ట్రేలియాలో ఇప్పటికీ తెగలేదు. చనిపోయిన పసిపిల్ల పట్ల, ఆమె కుటుంబం పట్ల మనకు ఉండవలసిన గౌరవం ఉండనే ఉండాలి. కాని ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్నది ఒక ప్రశ్న, అతని పేరున చలామణి అవుతున్న మాటలు అతనివా కావా అన్నది మరొక ప్రశ్న. రెండవదానికి జవాబు చెప్పకుండా మొదటిదానికి జవాబు చెప్పిన కోర్టు న్యాయం చేసిందని ఎవరూ అనలేరు.

తరువాత జరిగిన కథ పాలకవర్గాల న్యాయం ఎలా నడుస్తుందో తెలుసుకోదలచిన ప్రతి విద్యార్థీ చదవవలసింది. అప్పీళ్ళు పోయాయి. ఆస్ట్రేలియా హైకోర్టు 1959 జూన్‌లో ఈ కేసులోని కొన్ని అంశాలు తమకు కలవరం కలిగించాయని చెబుతూనే అప్పీలు కొట్టివేసింది. కలవరం జడ్జిలది, ఉరితాడు ఆదివాసిది! లండన్ ప్రివీ కౌన్సిలు కూడా జోక్యానికి ఒప్పుకోలేదు. జైలులో స్టువర్ట్‌ను చూసి ఆ వాంగ్మూలం మీద అనుమానం కలిగిన టామ్ డిక్సన్ అనే కాథలిక్ ఫాదరీ, ప్రదర్శన బృందం వాళ్ళను వెతుక్కుంటూ క్వీన్స్‌లాండ్ దాకా పోయి సాక్ష్యాలు తెచ్చాడు. అడిలైడ్ పత్రిక 'ది న్యూస్' దాన్ని మొదటి పేజీకి ఎక్కించింది. ప్రజలలో అలజడి చెలరేగింది. తల ఒగ్గక తప్పక ప్రీమియర్ హోదాలో రాష్ట్రాన్ని ఏలుతున్న ప్లేఫోర్డ్ ఒక రాయల్ కమిషన్ వేశాడు. ముగ్గురు సభ్యులలో ఒకడు ఉరిశిక్ష వేసిన జడ్జి. మరొకడు అప్పీలు తోసిపుచ్చిన ప్రధాన న్యాయమూర్తి. తమ తీర్పు మీద తామే కూర్చుని తీర్పు చెప్పుకున్నారు! శిక్షను యావజ్జీవంగా తగ్గించారు గాని, తీర్పు సరైనదేనని కమిషన్ 1959 డిసెంబరులో రిపోర్టు ఇచ్చింది. ప్రశ్నలు వేసిన పత్రిక మీద, దాని సంపాదకుడు రోహన్ రివెట్ మీద రాజద్రోహకరమైన పరువునష్టం దాకా కేసులు పెట్టారు. అవి నిలవలేదు. కాని కొద్ది వారాలకే రివెట్ ఉద్యోగం ఊడింది.

ప్రాణం దక్కింది, మంచిదే. కాని దక్కిన విధం గమనించాలి. అది దయవల్ల దక్కింది, సత్యం వల్ల కాదు. వాంగ్మూలం మీది పేరు మారలేదు, రికార్డులో దాని రచయిత స్టువర్టే. ఫాదరీ, ప్రొఫెసరు, పత్రికాధిపతి, ప్లీడర్లు అందరూ అతని కోసం మాట్లాడారు. వారి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని ఇంతమంది మాట్లాడిన ఆ సంవత్సరమంతా అతను మాట్లాడింది ఎంత? బోనులో పలికిన ఆ నాలుగైదు మాటలూ, భాషావేత్త ముందు జైలు గదిలో మాట్లాడినవీ. 2002లో ఈ కేసు మీద 'బ్లాక్ అండ్ వైట్' అనే సినిమా వచ్చింది. అందులో కూడా కథానాయకుడు ప్లీడరు ఓసల్లివానే. ఇది ఒక దర్శకుని లోపం కాదు. పీడితుల కేసు గురించి మధ్యతరగతి కళ చెప్పే కథ ఎప్పుడూ రక్షకుని కథగానే తయారవుతుంది. ఆదివాసి అందులో రక్షింపబడేవాడు. అతని ముఖం దీనంగా తెర నిండా ఉంటుంది, అతని నోరు మూసి ఉంటుంది. చరిత్రకారుడు కె. ఎస్. ఇంగ్లిస్ 1961లోనే ఈ కేసు గురించి ఒక పుస్తకం రాశాడు. సంఘటన వేడి తగ్గకముందే, అదే ఊళ్ళో ఉంటూ ఆ పని చేసినందుకు ఆయనను అభినందించాలి. అటువంటి రికార్డు లేకపోతే ఈనాడు మనం ఈ ప్రశ్నలు వేయడానికి కూడా ఆధారం ఉండేది కాదు.

స్టువర్ట్ కేసు లేపిన ప్రశ్నకు న్యాయస్థానం నుంచి ఒక జవాబు రావడానికి 17 ఏళ్ళు పట్టింది. 1976లో ఉత్తర ప్రాంతపు సుప్రీంకోర్టు జడ్జి ఫోర్స్టర్, అనుంగా కేసులో, ఆదివాసులను పోలీసులు ప్రశ్నించవలసిన పద్ధతి గురించి కొన్ని సూత్రాలు ప్రకటించాడు. ఇంగ్లీషు బాగా రానివాడికి దుబాసీని ఏర్పాటు చేయాలి. అతనికి నమ్మకమున్న మనిషి ఒకరు పక్కన ఉండాలి. మౌనంగా ఉండే హక్కు ఉన్నదని చెప్పి ఊరుకోకుండా, అతనికి ఏమి అర్థమైందో అతని మాటల్లోనే తిరిగి చెప్పించుకోవాలి. జవాబు అందించే ప్రశ్నలు వేయకూడదు. ఒప్పుకోలు దొరికినా సరే వేరే సాక్ష్యం కోసం వెతకాలి. ఆకలితోనో మత్తులోనో అలసటతోనో ఉన్నవాడిని ప్రశ్నించకూడదు. ఎదుటివాడు కోరుకుంటున్నాడని తోచిన జవాబునే మర్యాద కొద్దీ చెప్పే అలవాటు ఆదివాసులలో ఎక్కువమందికి ఉన్నదని ఆ జడ్జి గుర్తించాడు.

ఈ చివరి మాటను మనం కొంచెం లోతుగా చూడాలి. 'మర్యాద' అన్నాడు జడ్జి. కాని 1788 నుంచి తుపాకీ పట్టినవాడి ఎదుట నిలబడి బతికిన జాతికి 'అవును' అనడం మర్యాద ఒక్కటే కాదు, ప్రాణరక్షణ. కాదు అన్నవాడు బతకని చోట అవును అన్న మాటకు అర్థం సమ్మతి కాదు. మన పల్లెల్లో కూడా దొరగారి ముందు 'చిత్తం' అన్నవాడు ఒప్పుకున్నట్లు కాదు, ఆ సంభాషణ త్వరగా ముగియాలని కోరుకున్నట్లు. స్టేషనులో రాసే కలానికి ఈ తేడా తెలియదు. తెలిసినా దానికి అక్కరలేదు.

అనుంగా సూత్రాలు మంచివే. కాని అవి పైనుంచి వచ్చినవి. అవి కలాన్ని కొంచెం అదుపులో పెడతాయి గాని చేతులు మార్చవు. కలం చేతులు మారిన ఘట్టం వేరొకచోట, వాటికంటే ముందే జరిగింది. సిడ్నీలో రెడ్‌ఫర్న్ ఒక పేదల పేట. 1960ల చివరలో పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఆదివాసులు అక్కడ చేరారు. వాళ్ళు కలుసుకునే పానశాల ముందు పోలీసు బండ్లు ఆగడం, దొరికినవాడిని దొరికినట్లు ఎక్కించుకుపోవడం పరిపాటి. పాల్ కో, గారీ విలియమ్స్, గారీ ఫోలీ వంటి ఆదివాసి యువకులు ఒక పని మొదలుపెట్టారు. నోటు పుస్తకాలు పట్టుకుని వీధుల్లో నిలబడి, ఏ పోలీసు ఎవరిని ఎప్పుడు ఎలా పట్టుకుపోయాడో రాయసాగారు. అంతవరకూ రాసేవాడు పోలీసు, రాయబడేవాడు ఆదివాసి. ఆ వీధిలో మొదటిసారి ఆ వరస తిరగబడింది. ఆ పుస్తకాల వెంట 1970లో ఆదివాసి న్యాయ సహాయ సంస్థ పుట్టింది. ఆస్ట్రేలియాలో అటువంటివాటిలో అదే మొదటిది. న్యూసౌత్‌వేల్స్ విశ్వవిద్యాలయంలో లా విభాగానికి పెద్ద అయిన హాల్ వూటెన్ దానికి తోడు నిలిచాడు. ప్లీడర్లు ఉచితంగా వచ్చి వాదించారు. కాని ఆ సంస్థకు పునాది ప్లీడర్ల దయ కాదు, ఆదివాసుల నోటు పుస్తకం.

ఈ తేడాను మన పాఠకులు జాగ్రత్తగా గ్రహించాలి. మనలో కొందరు మిత్రులు, కోర్టులు పాలకవర్గాల పనిముట్లు కాబట్టి వాటిలో వాదించడం వృథా ప్రయాస అంటారు. మరికొందరు, మంచి ప్లీడరూ మంచి జడ్జీ దొరికితే చాలునంటారు. మొదటివారు లాకప్పులో ఉన్నవాడిని విప్లవం వచ్చేదాకా ఆగమంటున్నారు. రెండవవారు అతన్ని అదృష్టానికి వదిలేస్తున్నారు. రెడ్‌ఫర్న్ యువకులు ఈ రెండూ చేయలేదు. కోర్టు ఎవరి పనిముట్టో వారికి మనకంటే బాగా తెలుసు. తెలిసే అందులోకి వెళ్ళారు, కాని చేతులు జోడించి వెళ్ళలేదు, తమ సొంత రికార్డు పట్టుకుని వెళ్ళారు.

అయితే ఇంతటితో కథ సుఖాంతమైందని రాస్తే అది అభ్యుదయ విమర్శ అనిపించుకోదు. 1987లో ఆస్ట్రేలియా ప్రభుత్వం కస్టడీలో ఆదివాసుల మరణాల మీద రాయల్ కమిషన్ వేసింది. 1980 నుంచి 1989 మధ్య జరిగిన 99 మరణాలను అది పరిశీలించి, 1991లో 339 సిఫార్సులు చేసింది. ఆ 99 మందిలో 43 మంది చిన్నతనంలో ప్రభుత్వం చేతనో మిషన్ల చేతనో తల్లిదండ్రుల నుంచి వేరుచేయబడినవారు. కమిషన్ తేల్చిన ఒక విషయం మొదట వినడానికి వింతగా ఉంటుంది. కస్టడీలో ఉన్న ఆదివాసి, కస్టడీలో ఉన్న తెల్లవాడికంటే ఎక్కువగా చనిపోవడం లేదు. మరి ఇన్ని మరణాలు ఎందుకు? ఆదివాసులు అంత పెద్ద సంఖ్యలో కస్టడీలో ఉండబట్టి. చావు జైలు గదిలో జరుగుతున్నది, కారణం జైలు గుమ్మం దగ్గర ఉన్నది. 1991లో ఆస్ట్రేలియా జైళ్ళలో ఆదివాసులు 14 శాతం. ఈనాడు జనాభాలో 4 శాతానికి లోపు ఉన్న ఆ జాతి, జైళ్ళలో దాదాపు మూడవ వంతు ఉన్నది. కమిషన్ రిపోర్టు తరువాత కస్టడీలో మరణించిన ఆదివాసులు 500కు పైగా ఉన్నారు.

భాష సంగతి కూడా తీరలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పింటుపి భాష మాట్లాడే ఒక ఎడారి యువకుణ్ణి 2012లో హత్యకేసులో అరెస్టు చేశారు. దుబాసీ లేకుండా పోలీసులు రికార్డు చేసిన అతని మాటలను జడ్జి సాక్ష్యంగా ఒప్పుకోలేదు. అనుంగా నాటి నీతి అక్కడ పనిచేసిందన్నమాటే. కాని ఆ తరువాత ఏమైంది? తక్కువ నేరానికి ఒప్పుకోమన్నారు, ఒప్పుకున్నాడు. ఏడున్నరేళ్ళ శిక్ష పడింది. తాను దేనికి ఒప్పుకున్నాడో అతనికి సరిగా అర్థం కాలేదని 2017లో అప్పీలు కోర్టు తేల్చి శిక్షను రద్దు చేసింది. అప్పటికి దాదాపు అయిదేళ్ళు జైలులో గడిచిపోయాయి. స్టేషను తలుపు మూస్తే, అదే అబద్ధపు 'నేను' కోర్టు తలుపు గుండా వచ్చింది. 1959లో పోలీసు రాసిన వాంగ్మూలం, 2014లో 'నేరం ఒప్పుకుంటున్నాను' అన్న ఒక్క వాక్యానికి కుదించుకుపోయింది. రచయిత మాత్రం మారలేదు.

ఎందుకు మారలేదు? దీనికి జవాబు భాషాశాస్త్రంలో దొరకదు. ఆ దేశంలో బ్రిటిషు వారు దిగినప్పుడు నేల ఎవరిదీ కాదని రాసుకున్నారు. 1992లో మాబో కేసులో హైకోర్టు కొట్టివేసేదాకా చట్టం ఆ అబద్ధం మీదనే నిలబడింది. నేలను ఖాళీ నేలగా రాసుకున్నవారికి మనిషి నోరు ఖాళీ కాగితంగా కనిపించడంలో వింత ఏమున్నది? భూమి దోపిడీ, మాట దోపిడీ ఒకే కలంతో జరిగాయి. అందుకే స్టువర్ట్ జీవితంలోని చివరి ఘట్టం అంత అర్థవంతమైనది. 1973లో మొదటిసారి పెరోల్ మీద విడుదలై, మళ్ళీ మళ్ళీ జైలుకు పోయి వచ్చి, 1984 తరువాత స్థిరపడిన ఆ మనిషి, 1998 నుంచి 2001 దాకా సెంట్రల్ లాండ్ కౌన్సిల్ అధ్యక్షుడుగా ఉన్నాడు. మధ్య ఆస్ట్రేలియా ఆదివాసుల భూమి హక్కుల సంస్థ అది. బోనులో నాలుగైదు పొడి మాటలకే అవకాశం దొరికినవాడు, తన నేల తరఫున మాట్లాడే పదవిలో కూర్చున్నాడు. 2014లో మరణించాడు. అతని నోరు అతనికి తిరిగి వచ్చింది కోర్టులో కాదు, తన భూమి మీద.

మన దేశంలో ఇదంతా ఎక్కడో పరదేశపు కథ అనుకోవడానికి వీలు లేదు. బ్రిటిషు వారు 1871లో క్రిమినల్ తెగల చట్టం చేసినప్పుడు ఒప్పుకోలు వాంగ్మూలం కూడా అక్కరలేకపోయింది. పుట్టుకే వాంగ్మూలమైంది. ఎరుకలవారిని ఆ చట్టం నీడన స్థిరపరచిన మన స్టువర్టుపురం పేరు, ఒక తెల్ల అధికారి పేరు. అరండ కూలివాడి పేరుతో అది కలవడం కాకతాళీయమే. కాని రెండుచోట్లా మనిషికి పేరూ నేరమూ రెండూ పైవాడే పెట్టాడన్నది కాకతాళీయం కాదు. పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యానికి పనికిరాదని 1872 సాక్ష్య చట్టం అన్నది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షను ఆ నియమాన్ని నిలిపింది. తెల్లవాడికే తన పోలీసు మీద నమ్మకం లేదన్నమాట! కాని టాడా, పోటా చట్టాలు అమలులో ఉన్న కాలంలో ఆ గోడకు కన్నం వేశారు. గోడ ఉన్నంత మాత్రాన మనిషి బయట ఉంటాడనీ లేదు. తెలంగాణకు ఆనుకుని ఉన్న సుక్మా జిల్లాలో 2017 ఏప్రిలులో బుర్కాపాల్ వద్ద 25 మంది జవాన్లు మరణించిన కేసులో 121 మంది ఆదివాసులను 2022 జూలైలో కోర్టు నిర్దోషులుగా వదిలింది. వారిలో అత్యధికులు అప్పటికి అయిదేళ్ళుగా జైలులోనే ఉన్నారు. తీర్పు వచ్చేదాకా వారి కథ ఎవరు విన్నారు, ఏ భాషలో విన్నారు?

ఇక్కడ మన సొంత సంప్రదాయం ఒకటి గుర్తు చేసుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులు గారిని మనం వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఏటా తలుచుకుంటాం. ఆయన సవర భాష నేర్చుకున్నారనీ, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించడానికి బడులు పెట్టారనీ, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారనీ ఆ సభల్లో ఒక వాక్యంలో చెప్పి దాటేస్తాం. ఆ రెండు పనులూ రెండు కావు, ఒక్కటే. జనం నోట లేని భాషను జనం మీద రుద్దకూడదన్నది ఆయన వాదం. పండితుని గ్రాంథికం పిల్లవాడి నోరు నొక్కినట్లే, స్టేషను గ్రాంథికం ఆదివాసి నోరు నొక్కుతుంది. మొదటిదానితో మార్కులు పోతాయి, రెండవదానితో బతుకు పోతుంది.

కాబట్టి ఈ పత్రిక చదివే విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ మిగిలిన పని స్పష్టంగానే ఉన్నది. మన కాలేజీల్లో తెలుగు చదివే వందలాది మందిలో కోయ, కువి, గోండి, సవర మాటలు వచ్చినవారు ఎందరు? వచ్చినవారిని దుబాసీలుగా కోర్టులు గుర్తించేటట్లు చేయడానికి మన సంఘాలు ఏమి చేశాయి? లా చదివే ఆదివాసి విద్యార్థికి పుస్తకాలు కొనిచ్చే ఏర్పాటు ఏ ఊళ్ళో ఉన్నది? ఏజెన్సీ గూడేల్లో అరెస్టు జరిగిన రోజునే దాన్ని తేదీ వేసి రాసిపెట్టే నోటు పుస్తకం ఎవరి చేతిలో ఉన్నది? ఇవి సాహిత్యేతర ప్రశ్నలని ఎవరైనా అంటే, సాహిత్యం అంటే ఏమిటో వారే మళ్ళీ ఆలోచించుకోవాలి. ఆ నోటు పుస్తకం గూడెం పిల్లల చేతిలో ఉండాలి. వారు రాసిందానికి సాక్షిగా నిలబడటం మన వంతు.